అబిసీనియా పిల్లి: పేరు ఒక సీమ, పుట్టుక మఱొక సీమ



నేటి ప్రసంగమునకు విషయము పిల్లి. ఈ మాట చెవిని పడినంతనే పెద్దలు కొందఱు చిఱునవ్వు నవ్వుదురని నాకు తెలియును. రాజుల చరిత్రము, కోవెలల చరిత్రము, పల్నాటి వీరుల చరిత్రము వినిన చెవులకు పిల్లి చరిత్రము వినిపింపబూనుట సాహసమే. కాని ఈపూరు వంటి గ్రామమున కందులు, జొన్నలు గాదెకెత్తిన ప్రతి గృహస్థునకును ఈ జంతువుతో తరతరముల పరిచయము కలదు. ధాన్యమును నమ్ముకొని ఎలుక వచ్చినది. ఎలుకను నమ్ముకొని పిల్లి వచ్చినది. పిలువకయే వచ్చి, కట్టివేయకయే నిలిచి, జీతము లేకయే కావలి కాయుచున్న జీవమిది. అట్టిదాని పూర్వోత్తరములను కొంతసేపు విచారించినచో తప్పు లేదు.

నేను చెప్పబోవునది అన్ని పిల్లులను గూర్చి కాదు. పొట్టివెండ్రుకల జాతిపిల్లులలో మిక్కిలి పేరుపొందిన అబిసీనియా పిల్లిని గూర్చి. జాతిపిల్లి యనగా నేమి? మనము ఒంగోలు గిత్తను కొనునపుడు మూపురము చూతుము, గంగడోలు చూతుము, సుడులు లెక్కింతుము, దాని తల్లి ఎవరి ఇంటిదని అడుగుదుము. ఆంగ్లేయులు పిల్లుల విషయమునను అట్లే చేసిరి. 1871వ సంవత్సరము జూలై నెల 13వ తేదీన లండను నగరములోని స్ఫటికభవనమున హారిసన్ వైర్ అను చిత్రకారుడు గొప్ప పిల్లుల ప్రదర్శనము నొకదానిని జరిపించెను. 1887లో జాతీయ మార్జాల సంఘము ఏర్పడెను. ఆ వైరుగారే దానికి అధ్యక్షుడయ్యెను. తల్లిదండ్రుల పేరులు, తాతముత్తాతల పేరులు చిట్టాల కెక్కుట, కన్నెట్లుండవలెను, చెవి ఎట్లుండవలెను అను నియమములు వ్రాయుట ఆ కాలమున బలపడినవి. ఇట్లు వంశవృక్షము వ్రాయబడిన పిల్లియే జాతిపిల్లి.

ముందుగా దీని రూపమును చెప్పెదను. అబిసీనియా పిల్లి మిక్కిలి పెద్దదియు కాదు, చిన్నదియు కాదు. దేహము సన్నమై, పొడవై, లోపల గట్టి కండ కలిగియుండును. కాళ్ళు సన్ననివి, పాదములు చిన్నవి, నిలిచియున్నపుడు మునివ్రేళ్ళపై నిలిచినట్లు తోచును. తల కొంచెము కోణాకారముగా నుండి, అంచులన్నియు నునుపుగా తిరిగియుండును. చెవులు పెద్దవి, ఏదో చప్పుడు వినుచున్నట్లు ఎల్లపుడు ముందునకు నిక్కియుండును. కన్నులు బాదముపప్పు ఆకారము కలవి. పచ్చగానో, బంగారువన్నెగానో మెఱయును. ఆ కన్నులచుట్టు సన్నని నల్లని గీత యుండును. చంటిబిడ్డకు తల్లి కాటుక దిద్దినట్లే యుండును. తోక పొడవై, మొదట లావుగా నుండి, కొనకు సన్నబడి నల్లబడును.

కాని ఈ పిల్లికి పేరు తెచ్చినది దీని వెండ్రుక. దూరమునుండి చూచినచో ఒంటినిండ ఒకటే వన్నె, ఎఱ్ఱమన్ను కలిసిన గోధుమవన్నె. దగ్గఱకు తీసికొని వ్రేళ్ళతో వెండ్రుకలు విడదీసి చూచినచో ఒక్కొక్క వెండ్రుక ఒక్కొక్క పట్టెలకోలయే. మొదట లేత నారింజవన్నె, దానిమీద నల్లని పట్టె, మరల లేతపట్టె, కొనయందు నలుపు. వెండ్రుక పెరుగుచుండగా లోపలనుండి రంగు కొంతసేపు నల్లగా, కొంతసేపు పసుపుగా మార్చి మార్చి వచ్చుటచే ఈ పట్టెలు ఏర్పడును. పొట్టమీదను కాళ్ళ లోపలివైపునను పట్టెలు లేని లేతవన్నె యుండును. ఈ ఎఱుపు కాక దాల్చినచెక్క వన్నె, నీలియని పేరే కాని నిజముగా బూడిదవన్నె, జింకపిల్ల వన్నె కలవియు గలవు. పిల్లలు పుట్టినపుడు వన్నె ముదురుగా నుండి, పెరిగినకొలది విచ్చి తేటపడును.

ఇట్టి వెండ్రుక మన మెఱిగినదే. పొలములలో పొదలచాటున పరుగెత్తు కుందేటి ఒడలు చూచినవారికి వేఱే వర్ణన అక్కఱలేదు. అందుచేతనే ఆంగ్లేయులు కొందఱు తొలిదినములలో దీనిని కుందేటిపిల్లి యని పిలిచిరి. మన తెలుగువారు అంతకు ముందే కుందేటిని చూచి చెవులపిల్లి యనిరి! వారు పిల్లిలో కుందేటిని చూచిరి. మనము కుందేటిలో పిల్లిని చూచితిమి. ఈ రెండు పేరులును ఒకే పోలికను రెండు వైపులనుండి చూచి పెట్టినవి.

ఇక స్వభావము. మన ఇంటిపిల్లి పొయ్యిగడ్డ దగ్గఱ చుట్టుకొని పండుకొనుట మన మెఱిగినదే. అబిసీనియా పిల్లి అంతసేపు పండుకొనునది కాదు. ఇంటిలో ఎత్తయిన చోటెక్కడ నున్నదో వెదకి అక్కడికెక్కును. అటుక యున్న అటుక, దూలమున్న దూలము. ఎవరైనను పెట్టె తెఱచినచో అందులో ఏమున్నదో అది మొదట చూడవలెను. పెంచినవారు ఒకగదినుండి మఱొకగదికి పోయిన వెంబడించును. వ్రాయుచున్న చేతిప్రక్క కూర్చుండును. కాని ఒడిలో నుంచుకొని లాలింపబోయినచో చాలసేపు నిలువదు. మనిషి తోడు కావలెను, మనిషి పట్టు అక్కఱలేదు: ఇదియే దాని స్వభావము. అఱపు చాల తక్కువ. అఱచినను మెల్లని గొంతు. ముసలితనము వచ్చినను ఆట మానదు. ఒంటరిగా విడిచినచో దిగులుపడును. అందుచే ఇంట మనుష్యుల సందడి లేనివారికి ఈ పిల్లి తగినది కాదని పెంచువారు చెప్పుదురు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ పిల్లి అబిసీనియాది అనుటకు ఆధారమేమి?

పెద్దలకు కైఫీయతుల సంగతి తెలియును. మెకంజీదొర కాలమున, అనగా 19వ శతాబ్దము తొలి సంవత్సరములలో, గ్రామగ్రామమునను పెద్దలవలనను కరణములవలనను వినిన వృత్తాంతములు వ్రాతలో కెక్కినవి. అందు ఊరిపేరునకు ఒక కథ యుండును; గుడి కట్టించిన రాజు పేరుండును. అది విలువ లేనిది కాదు. కాని అదే గుడి ముంగిట రాతిపై శాసనమున్నచో, కైఫీయతు చెప్పిన రాజు ఒకడు, శాసనము చెప్పిన రాజు ఒకడు కావచ్చును. అప్పుడు చరిత్రకారుడు రాతిమాటను ముందు వినును. ఈ పిల్లి విషయమునను ఒక కైఫీయతు కలదు, ఒక శాసనమును కలదు.

కైఫీయతు ఇది. అబిసీనియా యనగా నేటి ఇథియోపియా దేశము. అక్కడి చక్రవర్తి తెవోద్రోసు ఆంగ్లప్రతినిధిని మఱికొందఱు ఐరోపావారిని చెఱలో నుంచెను. వారిని విడిపించుటకై 1867లో బొంబాయి సేనాధిపతి రాబర్టు నేపియరు నాయకత్వమున గొప్ప దండు బయలుదేఱెను. సైనికులు సుమారు 13,000 మంది. వెంట నడచిన పరివారము 26,000. ఒంటెలు, కంచరగాడిదలు, గుఱ్ఱములు మొదలగు జంతువులు 40,000కు పైబడినవి. ఫిరంగులు మోయుటకై 44 ఏనుగులను ఓడలలో నెక్కించి సముద్రము దాటించిరి. తెలుగువారిని కూడ చేర్చుకొనుచుండిన మదరాసు సైన్యమునకు చెందిన సాపర్స్ అండ్ మైనర్స్ దళములును ఆ దండులో నుండెను. ఎఱ్ఱసముద్రతీరమున జూలా యను రేవులో దిగి, కొండలలో నన్నూఱు మైళ్ళు నడచి, 1868వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన మగ్దలా దుర్గమును పట్టుకొనిరి. చెఱ తప్పించుకొనుట సాధ్యము కాక చక్రవర్తి తన్ను తానే చంపుకొనెను.

ఆ యుద్ధము ముగిసిన తరువాత ఇంగ్లండుకు చేరిన పిల్లి యొకటి బారెట్-లెనార్డ్ అను కాప్టెనుగారి భార్య యొద్ద నుండెనట. దాని పేరు జూలా. దండు దిగిన రేవుపేరే. గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు 1870 తరువాతి దశకములో పిల్లులను గూర్చి వ్రాసిన పుస్తకమున దాని బొమ్మను ముద్రించి, యుద్ధానంతరము అబిసీనియానుండి తేబడినదని తెలిపెను. ఈ ఒక్క మాటమీద జాతి యంతటికిని అబిసీనియా పేరు నిలిచిపోయినది.

ఇందు సందేహించుటకు తావులు రెండు కలవు. మొదటిది: ఆ బొమ్మలోని జూలాకు చెవులు చిన్నవి, ముఖము గుండ్రము. నేటి అబిసీనియా పిల్లి పోలిక దానిలో సరిగా కనబడదు. ఆ జూలా సంతానమే నేటి జాతి యని చూపు చిట్టాయు లేదు. రెండవది: ఆ దండు ఇంగ్లండునుండి నేరుగా పోయినది కాదు, ముఖ్యముగా మన దేశమునుండి పోయినది. దండు వెంట ధాన్యము పోవును. ధాన్యము వెంట ఎలుక పోవును. ఎలుక ఉన్న ఓడలో పిల్లి నుంచుకొనుట నావికుల ఆచారము. జూలా ఆ కొండలలో పుట్టినదో, దండుతోపాటు సముద్రము దాటినదో ఆ పుస్తకములోని మాట తేల్చదు. తేబడిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱు. మన ఇండ్లలో మిరపకాయ లేని పూట లేదు. పల్నాటి నేలయందు అది పండినట్లు మఱేదియు పండదని అనుకొందుము. కాని దాని పుట్టిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసువారి ఓడలు తెచ్చినదాకా మన పూర్వులకు మిరియములే కారము. పెరిగిన నేలను చూచి పుట్టిన నేలను నిర్ణయించుట ఎంత కష్టమో ఇందుచే తెలియును.

శాసనమునకు వత్తము. హాలండు దేశమున లైడెన్ నగరములో ప్రకృతి వస్తుప్రదర్శనశాల యొకటి కలదు. అందు చర్మము చెడకుండ నిలిపియుంచిన పిల్లి యొకటి యున్నది. దానిని 1834, 1836 సంవత్సరముల మధ్య ఒక వర్తకునియొద్ద కొనిరి. ఎఱ్ఱని దేహము, పట్టెల వెండ్రుక. నేటి అబిసీనియా పిల్లికి పెద్దమ్మ యనదగినది. దాని క్రింద కట్టిన చీటిలో ఇది ఇండియాదేశపు పెంపుడుపిల్లి యను అర్థమిచ్చు మాటలు వ్రాయబడియున్నవి. అబిసీనియా యుద్ధము జరిగినది 1868లో. అంతకు మూడు దశాబ్దములకు ముందే, ఇట్టి పిల్లి ఇండియా చీటితో ఐరోపాలో నిలిచియున్నది.

చీటియు మనుష్యుడు వ్రాసినదే. అదియు తప్పు కావచ్చునని తర్కించువారు తర్కింపవచ్చును. మనుష్యుడు వ్రాయని వ్రాత యొకటి కలదు; అది ప్రాణి దేహములోనే యున్నది. ప్రతి జీవకణమునందును తల్లిదండ్రులనుండి వచ్చిన లక్షణములు ఒక వరుసలో నిలిచియుండును. వానిని జన్యువు లందురు. ఆ వరుసను చదువు విద్య మన కాలమున అభివృద్ధి పొందినది. పిల్లిజాతి మొత్తములో మొట్టమొదట అట్లు చదువబడినది అబిసీనియా పిల్లియే యగుట ఒక విశేషము. అమెరికాలోని మిస్సూరి విశ్వవిద్యాలయమున పెరిగిన దాల్చిని యను అర్థము గల పేరుగల ఆడుపిల్లి జన్యుక్రమమును 2007లో ప్రకటించిరి. ఒడలిమీది చారలు మాయమై పట్టెల వెండ్రుకయే మిగులుటకు కారణమైన మార్పును 2021లో డి.కె.కె.4 అను జన్యువునందు కనుగొనిరి. నానాదేశముల పిల్లులను పోల్చి చూచిన పరిశోధనలు ఈ జాతికి మూలము భారత మహాసముద్ర తీరప్రాంతముల వైపున నుండవచ్చునని సూచించుచున్నవి. లైడెన్ చీటియు, దేహములోని వ్రాతయు ఒకే దిక్కును చూపినపుడు, కైఫీయతు కొంత వెనుకకు తగ్గవలసినదే.

అట్లని ఈ పిల్లి మనదేయని దండోరా వేయుట తగదు. దానిని ఏరి, కూర్చి, రూపము తీర్చినవారు ఆంగ్లేయులు. తమ దేశపు పిల్లులతో కలిపి కూడ వారు దీనిని వృద్ధిచేసిరి. మఱియు పిల్లులన్నిటికి మూలపురుషుడు పశ్చిమాసియా, ఆఫ్రికా ప్రాంతముల అడవిపిల్లి యని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో ఒక మనిషిప్రక్క ఒక పిల్లి పాతిపెట్టబడి కనబడినది. వ్యవసాయము పుట్టినచోటనే పిల్లి స్నేహము పుట్టినది. మన ఉపఖండమునకును అది ప్రాచీనకాలముననే వచ్చినది. సింధులోయ నాగరకతకు చెందిన చన్హుదారో యను చోట 1935–36లో త్రవ్వకములు జరుపగా, పచ్చి ఇటుకపై పడి ఎండిపోయిన అడుగులు దొరకినవి. అవి పిల్లి అడుగులు. వానిని తొక్కుచు కుక్క అడుగులు. నాలుగువేల యేండ్లకు పూర్వము ఇటుకలు ఆరబెట్టిన చోట కుక్క పిల్లిని తఱిమినదన్న మాట. మన వీధులలో నేటికిని జరుగుచున్న సంగతియే.

ఇంత పాత స్నేహితునకు మన వాఙ్మయమున దక్కిన గౌరవ మెంత? మనుస్మృతి కపటవర్తనుని పిల్లివ్రతము పట్టినవాడనెను. హితోపదేశమున దీర్ఘకర్ణుడను మార్జాలము ముసలిగ్రద్దను నమ్మించి పక్షికూనలను తినినది. మహాబలిపురమున 7వ శతాబ్దపు శిల్పి గొప్ప బండపై తపస్సు చేయు పిల్లిని, దాని చుట్టు ఎలుకలను చెక్కెను. గోడమీది పిల్లి యనుటయు, పిల్లిశాపములకు ఉట్లు తెగవనుటయు మన నోటిమాటలు. ఒక్క వైష్ణవాచార్యులు మాత్రము పిల్లను నోట కఱచుకొని సురక్షితస్థలమునకు చేర్చు తల్లిపిల్లిలో భగవంతుని దయను చూచిరి. మార్జాలమను సంస్కృతపదము తుడుచుట, శుభ్రపఱచుట యను అర్థముగల ధాతువునుండి వచ్చినది. తన్ను తాను నిత్యము శుభ్రపఱచుకొను జంతువని మన పూర్వులే గుర్తించిరి. కాని కథలయందు ఆ మాట మఱచిరి.

వంశవృక్షము వ్రాయబడిన పిల్లికి అంతయు సుఖమే యనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆహారపు కొఱత వలన ఇంగ్లండున అబిసీనియా పిల్లులు మిక్కిలి తగ్గిపోయినవి. కొలదిపాటి పిల్లులనుండియే జాతిని మరల నిలుపవలసి వచ్చినది. దగ్గఱచుట్టముల కలయిక తఱచైనచోట దాగియున్న రోగములు బయటపడును. కంటిలోపలి పొర క్రమముగా క్షీణించి చూపు పోవు వ్యాధియు, రక్తకణములు త్వరగా నశించి రక్తము తగ్గు వ్యాధియు ఈ జాతిలో కనబడినవి. వీనిని ముందుగా పరీక్షించి, రోగబీజము కలవానిని జతపఱుపకుండుట నేడు పెంచువారి విధి యయినది. సగోత్రమున సంబంధము కలుపరాదని మనము పట్టుబట్టుదుము. ఒకే మందలో ఒకే ఆబోతును తరములకొలది నిలుపరాదని పశువుల నెఱిగిన రైతు చెప్పును. అందమును మాత్రమే చూచి ఈ మాట మఱచినచోట మూగజీవము ఆ ఫలము ననుభవించినది.

మన ఇంటిపిల్లికి చిట్టా లేదు. దాని తండ్రి ఎవరో ఎవరికిని తెలియదు. కాని ఎన్నో వంశములు కలిసిన రక్తము దానిది. ఎండకు, వానకు, ఆకలికి నిలిచి మిగిలినది. దానికి పాలు పోయువారు తక్కువ, కఱ్ఱ విసరువారు ఎక్కువ.

చరిత్రము చదువువారికి ఈ పిల్లి చెప్పు పాఠము ఇంతే. పేరు పెట్టినవాడు తనకు దొరకిన చోటును వ్రాసిపోవును. ఆ పేరు విని మనము పుట్టినచోటు తెలిసినదనుకొందుము. ఊరిపేరు విషయమునను, ఇంటిపేరు విషయమునను, దేవాలయపు కథ విషయమునను ఇట్లే జరుగుచున్నది. కథను త్రోసివేయనక్కఱలేదు, కాని ఱాయి ఏమి చెప్పుచున్నదో, చీటి ఏమి చెప్పుచున్నదో, ప్రాణియొక్క దేహమే ఏమి చెప్పుచున్నదో కూడ విని తీర్పు చెప్పవలెను. పంచాయతీలో ఇరువాదులను వినకుండ తీర్పు చెప్పు పెద్ద యుండునా?

రేపు ఉదయము మీ గాదెప్రక్కన ఎండలో కూర్చుండు పిల్లిని ఒకసారి దగ్గఱగా చూడుడు. చారలున్నదైనను చారల నడుమనున్న వెండ్రుకను విడదీసి చూడుడు. లేతవన్నె, నలుపు, మరల లేతవన్నె వరుసగా కనబడినచో, దూరదేశములలో వంశవృక్షముతో పెంచబడు పిల్లి ఒంటిమీది వ్రాతయు ఆ అక్షరములతోనే వ్రాయబడినదని గుర్తుంచుకొనుడు. ఆ పూట దానికి ఇంత పాలో, పెరుగన్నమో పెట్టినచో పిల్లికి బిచ్చము పెట్టనివారన్న అపవాదు కూడ మీకు రాకుండును.